డయాలసిస్ సెంటర్ డిజైన్‌కి ఏఐ వాడుతున్నాను, పేషెంట్ల వైపు నుంచి ఏం చూసుకోవాలో చెప్పండి

కవిటి_పిల్ల

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను విశాఖలో ఆర్కిటెక్ట్‌ని, మాది కవిటి పక్కన పల్లె. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్ళినా మా చుట్టాల్లోనో తెలిసినవాళ్ళలోనో ఒకరైనా ఉంటారు, అసలు ఎందుకొస్తోందో ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా గట్టిగా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, కానీ డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు వెళ్ళాల్సిన మనిషికి ఆ దూరం కూడా దూరమే.

ఇప్పుడు మా వైపే ఒక ట్రస్టు వాళ్ళు తమ చిన్న ఆసుపత్రిలో ఖాళీగా ఉన్న హాల్లో 12 మిషన్ల డయాలసిస్ సెంటర్ పెడుతున్నారు, డిజైన్ పని నాకిచ్చారు. హాలు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, పడమటి గోడకి పెద్ద కిటికీలు. 11 మిషన్లు హాల్లో, ఒకటి హెపటైటిస్ బి ఉన్నవాళ్ళ కోసం విడి గదిలో. నీళ్ళు శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు వెనకవైపు.

చాట్‌బాట్‌కి కొలతలన్నీ ఇచ్చి లేఅవుట్లు అడిగితే ఐదు నిమిషాల్లో ఆరు రకాలు ఇచ్చింది. బొమ్మలు గీసే ఏఐకి "పేషెంట్లకి ప్రశాంతంగా అనిపించే డయాలసిస్ గది, కొబ్బరితోటల ఊరు" అని చెప్పాను. దాంట్లో ఒక బొమ్మ ట్రస్టు వాళ్ళకి తెగ నచ్చేసింది. తెల్లటి కుర్చీలు వరసగా, ఎదురు గోడ నిండా కొబ్బరిచెట్లు, మధ్యలో రాతి పలకల మీంచి సన్నగా జారే జలపాతం, ఉత్త బొమ్మ కాదు, నిజంగానే నీళ్ళు పారేది. చూడ్డానికి నాకూ బాగుంది.

అయినా మనసు ఒప్పుకోవడం లేదు. మా చిన్నాన్న నాలుగేళ్ళు డయాలసిస్ చేయించుకుని పోయిన ఏడాది పోయారు. ఆ నాలుగేళ్ళూ నేను చదువనీ ఉద్యోగమనీ విశాఖలోనే ఉన్నాను. ఆయన ఇంటికొచ్చి మంచం మీద వాలిపోయాక చూడ్డమే తప్ప ఒక్కసారి కూడా ఆయనతో ఆ గదిలోకి వెళ్ళలేదు. లోపల నాలుగు గంటలు ఎలా గడుస్తాయని అడగను కూడా లేదు. ఇప్పుడు అలాంటి గదే నా చేత్తో గియ్యాలి.

మిషన్ దగ్గర పనిచేసేవాళ్ళు, చేయించుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి, ఈ బొమ్మలో ఏం తప్పుంది? ఇలాంటి పనికి ఏఐని ఎంతవరకు నమ్మొచ్చు?

డయాలసిస్_టెక్నీషియన్_సిక్కోలు

చెల్లీ, ముందు ఆ జలపాతం తీసేయించు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

పదకొండేళ్ళుగా నాది ఇదే పని. మా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామందికి మూత్రం బాగా తగ్గిపోయి ఉంటుంది, కొందరికి పూర్తిగా ఆగిపోయి ఉంటుంది, తాగిన ప్రతి గుక్కా ఒంట్లోనే ఉండిపోతుంది. అందుకే రోజుకి ఇన్ని నీళ్ళే అని డాక్టరు కొలత పెడతారు, పులుసు, మజ్జిగ, టీ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఎండాకాలంలో మన వైపు ఉక్కపోత తెలుసుగా. ఒక పెద్దాయన చిన్న ఐసుముక్క నోట్లో పెట్టుకుని అది కరిగేదాకా కళ్ళు మూసుకుని కూర్చునేవాడు, పలకరించినా పలికేవాడు కాదు. అలాంటివాళ్ళ ఎదురుగా నాలుగు గంటలు నీళ్ళు జారే చప్పుడు పెడితే అది ప్రశాంతత కాదమ్మా, బాధ. కొబ్బరిచెట్ల సంగతీ చూసుకో. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, తాగొద్దని మేం రోజూ బతిమాలుతుంటాం, నువ్వేమో గోడ నిండా బొండాల గెలలు వేలాడదీస్తున్నావు. చెట్టు ఉండనీ, ఆకులు ఉండనీ, గెలలు తీసేయ్.

ఏఐ మీద నాకు కోపం లేదు. మామూలు మనిషికి నీళ్ళ చప్పుడు హాయే, దానికి అంతవరకే తెలుసు.

రెండోది చలి. రక్తం బయటికెళ్ళి మిషన్లో తిరిగొస్తుంది, పైగా గదిలో ఏసీ, మే నెలలో కూడా దుప్పటీ మంకీ క్యాపూ తెచ్చుకుంటారు. నీ లేఅవుట్‌లో ఏసీ గాలి ఎక్కడ పడుతోందో చూడు, నెత్తి మీద పడితే వెంటనే మార్చు, నడవాలో పడాలి. చలేస్తే ఏం చేస్తారు, చెయ్యి కూడా దుప్పట్లోకి లాక్కుంటారు. ఫిస్టులా చెయ్యి, అంటే సూదులు పెట్టడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చెయ్యి, దుప్పటి కింద ఉంటే సూది జారినా మాకు కనపడదు, నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. నేను రోజుకి కనీసం ఇరవైసార్లు "చెయ్యి బయటపెట్టండి" అని అరుస్తాను.

మూడోది చాలా ప్లాన్లలో తప్పుగా చూశాను. మన వాటం చెయ్యి కానిదానికి ఫిస్టులా పెడతారు కాబట్టి ఎక్కువమందికి ఎడమ చేతికే ఉంటుంది. మిషన్ ఆ వైపే ఉండాలి. పైపులు కలిసొస్తాయని రెండేసి బెడ్లకి మిషన్లని మధ్యలో జతగా పెట్టేస్తారు, అప్పుడు ఒకరికి ఎడమవైపు వస్తే పక్కవాళ్ళకి కుడివైపు వస్తుంది. గొట్టాలు ఛాతీ మీదుగా లాగాల్సొస్తుంది, దగ్గినా లాగేస్తాయి, కదిలినా లాగేస్తాయి. నీ ఆరు లేఅవుట్లలో ఇది ఎన్నింట్లో ఉందో చూసి చెప్పు.

కవిటి_పిల్ల

అన్నా, ఇప్పుడే చూశాను. ఆరింట్లో ఐదింట్లో జతలుగానే పెట్టింది. పైపుల పొడవు తగ్గించమని నేనే చెప్పాను, అది నేను చెప్పిందే చేసింది. చెయ్యి సంగతి నాకు తెలిస్తే కదా దానికి చెప్పేది.

జలపాతం గురించి ట్రస్టు వాళ్ళతో ఈరోజే మాట్లాడతాను. మా చిన్నాన్న చివర్లో నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మేసేవారు, అదెందుకో నాకిప్పుడు అర్థమైంది.

బెంగళూరు_లెక్కలు

ఆసుపత్రుల్లో క్యూలు, బెడ్ల వాడకం మీద పనిచేస్తుంటాను, మాది గుంటూరు. టెక్నీషియన్ గారు చెప్పినవి ఏ కంప్యూటరూ చెప్పలేదు, నేను చెప్పేది ఇంకో వైపు సంగతి.

మీరు ఏఐని బొమ్మలు గీయడానికి వాడారు, అది దానికి అన్నింటికన్నా తక్కువ ఉపయోగం అని నా అభిప్రాయం. బొమ్మ చూడగానే నచ్చేస్తుంది, నచ్చాక ప్రశ్నలు ఆగిపోతాయి, మీ ట్రస్టు వాళ్ళకి జరిగింది అదే. మీ బొమ్మల్లో ఎంతమంది మనుషులున్నారో లెక్కపెట్టండి. ఒక పేషెంటు, ఒక నర్సు, అంతేనా? పేషెంటుతో వచ్చినవాళ్ళు లేరు, క్యారేజీ లేదు, దుప్పటి సంచి లేదు. మన దగ్గర ఒక్క పేషెంటు ఒంటరిగా రాడు.

ఇప్పుడు షిఫ్టు మారే టైము ఊహించుకోండి. మొదటి షిఫ్టు 12 మంది దిగుతున్నారు, రెండో షిఫ్టు 12 మంది వచ్చి కూర్చున్నారు, ఒక్కొక్కరితో ఒక్క మనిషే అనుకున్నా మొత్తం 48 మంది. మీ వెయిటింగ్ చోట్లో కుర్చీలెన్ని? దీన్ని మాత్రం ఊహకి వదలొద్దు. పైథాన్‌లో సిమ్‌పై అని ఉచితంగా దొరికే లైబ్రరీ ఉంది, ఇలాంటి వరసల్ని లెక్కగట్టడానికే చేశారు. మీకు కోడ్ రాయడం రాకపోయినా ఫర్వాలేదు, పరిస్థితి మొత్తం తెలుగులోనే చెప్పినా చాట్‌బాట్ రాసిపెడుతుంది. బరువు, బీపీ చూడ్డానికి ఎంతసేపు, సూదులు పెట్టడానికి ఎంతసేపు, నాలుగు గంటల డయాలసిస్, సూదులు తీశాక రక్తం ఆగేదాకా నొక్కిపట్టడం, మిషన్ కడగడం, ఈ టైములన్నీ సెంటర్లో పనిచేసేవాళ్ళని అడిగి వెయ్యండి, దాన్ని ఊహించి వెయ్యనివ్వకండి. తర్వాత ఒక్క మార్పు చేసి చూడండి, అందరినీ ఆరింటికే రమ్మనకుండా పావుగంటకి ముగ్గురు చొప్పున రమ్మంటే రద్దీ ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది. గోడ జరపకుండానే చోటు దొరుకుతుంది.

పడమటి కిటికీలన్నారు. రెండో షిఫ్టు వాళ్ళకి మూడింటి నుంచి ఎండ మొహం మీద కొడుతుంది, ఒక చేతికి సూదులుంటాయి కాబట్టి పక్కకి తిరగలేరు. దీనికి ఏఐ కూడా అక్కర్లేదు, మీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లోనే ఎండ ఏ నెలలో ఎంతవరకు వస్తుందో చూపిస్తుంది.

కిటికీ అంటే గుర్తొచ్చింది, 1984లో రోజర్ ఉల్రిచ్ సైన్స్ పత్రికలో అచ్చువేసిన అధ్యయనం గురించి చాట్‌బాట్ మీకు ఈపాటికే చెప్పి ఉంటుంది. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళ రికార్డులు, 46 మందివి, 23 జతలుగా పోల్చారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు ఇటుకగోడ కనిపించినవాళ్ళకంటే దాదాపు ముప్పావు రోజు ముందే ఇంటికెళ్ళారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. మంచి అధ్యయనమే, కాకపోతే అది ఆపరేషన్ అయి కొన్ని రోజుల్లో ఇంటికెళ్ళేవాళ్ళ సంగతి. ఏళ్ళ తరబడి వారానికి మూడుసార్లు వచ్చేవాళ్ళకి కూడా ఇది నిరూపణ అయిపోయిందన్నట్టు చాట్‌బాట్ నాకు ఒకసారి రాసిచ్చింది, ఆధారం అడిగితే లేని వ్యాసం పేరు చెప్పింది. కాబట్టి ఏ అధ్యయనం పేరు చెప్పినా అసలుది తెరిచి చూశాకే నమ్మండి.

ఇంకొక్క మాట. టైముల కోసం సెంటర్ రిజిస్టరు ఫొటో తీసి చాట్‌బాట్‌లో పెట్టకండి. పేర్లు, హెపటైటిస్ వివరాలు అందులో ఉంటాయి. టైములు మాత్రం కాగితం మీద రాసుకుని అవే ఇవ్వండి.

మంగళ_గురు_శని

అమ్మా, నేను పేషెంటుని. ఆరేళ్ళయింది మొదలుపెట్టి. మీ చిన్నాన్న గారి గురించి చదివి రాయాలనిపించింది, తప్పులుంటే క్షమించు, కుడిచేత్తో ఫోన్లో రాస్తున్నాను, ఎడమ చెయ్యి మిషన్‌కుంది.

నాలుగు గంటలూ మేం చూసేది నీ ఎదురు గోడ కాదు తల్లీ, సీలింగు. మా సెంటర్లో నా బెడ్ పైన తెల్ల పలకలుంటాయి, చిన్న చిన్న చిల్లులవి, ఒక పలక మీద ఏసీ నీరు కారి గోధుమరంగు మరక పడింది, మొదట్లో చిన్న ఆకులా ఉండేది, ఇప్పుడు మంచం అంత అయింది. ఆ పక్కనే ట్యూబులైటు, సరిగ్గా కళ్ళలోకి. కళ్ళు మూసుకున్నా రెప్పల్లోంచి ఎర్రగా తెలుస్తుంది. రుమాలు కప్పుకుంటే సిస్టరు వచ్చి తీసేస్తుంది, మొహం కనపడాలి కదా, పాపం ఆవిడ తప్పు కాదు. లైటు నా కాళ్ళ వైపు జరిపి గోడ మీద పడేలా పెడితే చాలు.

బెడ్ల మధ్య అడ్డుగోడలు పెడుతున్నావా? మంచి ఉద్దేశమే గానీ వద్దు. నా పక్క బెడ్ ఆయనది బారువ, మూడేళ్ళుగా ఇద్దరం ఒకే షిఫ్టు. తిత్లీ తుఫానుకి 2018లో ఎన్ని చెట్లు పడిపోయాయి, మళ్ళీ ఎన్ని నాటాడు, ఏ చెట్టు కాపుకొచ్చింది, ఇవే మా కబుర్లు. ఆ కబుర్లు లేకపోతే నేను ఎప్పుడో మానేసేవాణ్ణి. కానీ ఆడవాళ్ళకి మెడ దగ్గరో తొడ దగ్గరో గొట్టం ఉంటే కట్టు మార్చేటప్పుడు తెర కావాల్సిందే. పక్క బెడ్‌లో ఎవరికైనా బీపీ పడిపోయి అందరూ పరిగెత్తుకొచ్చినప్పుడు కూడా తెర కావాలి, అది చూస్తూ పడుకోవడం చాలా కష్టం, తర్వాతి గంటంతా నాకూ అలాగే అవుతుందేమోనని టెన్షన్. కాబట్టి గోడ వద్దు, గుంజితే వచ్చే తెర పెట్టు.

గడియారం ఎదురుగా పెట్టకు. పక్కకి పెట్టు, చూడాలనుకున్నవాళ్ళు తల తిప్పి చూస్తారు.

పాత_ఆర్కిటెక్ట్

పై పోస్టు చదివాక నేను రాద్దామనుకున్నది సగం అనవసరమైంది. ఫిన్లాండ్‌లో పైమియో క్షయ ఆసుపత్రి కట్టినప్పుడు ఆర్కిటెక్ట్ అల్వర్ ఆల్తో సరిగ్గా ఇదే పట్టుకున్నాడు, మామూలు గది నిలబడ్డవాళ్ళ కోసం, ఇది పడుకున్నవాళ్ళ కోసం అని. 1933లో పూర్తయిన ఆ భవనంలో పేషెంటు గది సీలింగుకి కళ్ళకి నొప్పి లేని ముదురు రంగు వేశారు, దీపం కంట్లో పడకుండా పెట్టారు, కొళాయి నీళ్ళు పడినా పక్క మంచం మనిషికి చప్పుడు వినపడకుండా బేసిన్‌ని వాలుగా చేశారు. అప్పుడు ఏ ఏఐ ఉంది?

నా సలహా సూటిగా చెప్తాను. లాప్‌టాప్ మూసేసి ఒక రోజంతా ఏదైనా సెంటర్లో కూర్చోండి. వీలైతే ఖాళీ బెడ్ మీద పడుకోండి. ఆ తర్వాత మీకు ఏఐ కావాలో వద్దో మీకే తెలుస్తుంది. ఈ తరం పిల్లలు సైటుకి వెళ్ళకుండా బొమ్మలతో మొదలుపెడుతున్నారు, నన్ను బాధపెట్టేది అది, యంత్రం కాదు.

బెంగళూరు_లెక్కలు

సార్, కూర్చోమనడం నూటికి నూరుపాళ్ళు కరెక్టు. కానీ ఒక రోజు కూర్చుంటే ఒక రోజే కనపడుతుంది. కరెంటు పోయిన రోజు, టెక్నీషియన్ సెలవు పెట్టిన రోజు, ముగ్గురు ఆలస్యంగా వచ్చిన రోజు, అవన్నీ కలిపి వందసార్లు తిప్పి చూడ్డానికి లెక్క కావాలి. రెండూ చెయ్యమనే నేను అనేది, ముందు కూర్చోవడం, తర్వాత లెక్క.

కవిటి_పిల్ల

వారం తర్వాత రాస్తున్నాను. ఒక సెంటర్ వాళ్ళు దయతో ఒప్పుకున్నారు, మంగళవారం పొద్దున్న ఐదున్నర నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఉన్నాను. ఒక మిషన్ రిపేర్లో ఉంటే ఆ బెడ్ మీద గంటసేపు పడుకున్నాను కూడా. లైటు గురించి అంకుల్ చెప్పింది అక్షరాలా నిజం, పది నిమిషాలకే కళ్ళు మండాయి.

ఎవరూ చెప్పనిది ఒకటి చూశాను. చెప్పులు. అందరూ గుమ్మం బయట విప్పి లోపలికెళ్తారు. డయాలసిస్ అయ్యాక ఒకావిడ, అరవై ఉంటాయి, నడుచుకుంటూ బానే వచ్చింది, చెప్పుల కోసం వంగింది, వంగి లేవబోతూ గోడకి జారబడిపోయింది. బీపీ. కోడలు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. అక్కడి సిస్టరు "ఇక్కడే పడతారమ్మా, బెడ్ దగ్గర కాదు" అంది. నా ప్లాన్‌లో ఆ గుమ్మం పక్కన మూడడుగుల పూలకుండీ ఉంది. అది తీసేసి, కూర్చుని చెప్పులేసుకునేలా చేతిపట్టున్న బెంచీ, చెప్పుల అరలు బెంచీలో కూర్చున్నవాళ్ళ మోకాలి ఎత్తులో పెట్టాను. లోపల గుమ్మం పక్కనే రెండు మంచాలు, దిగాక తల తిరుగుతున్నవాళ్ళు అరగంట వాలడానికి.

తర్వాత మళ్ళీ ఏఐ దగ్గరికెళ్ళాను, ఈసారి వేరేగా. మీరందరూ చెప్పినవి, నేను చూసినవి నా మాటల్లో ఇరవై రెండు షరతులు రాశాను. మిషన్ ఎడమవైపు, రెండు బెడ్లకి మాత్రం కుడివైపు. ఏ బెడ్ మీదా ఏసీ గాలి నేరుగా పడకూడదు. నర్సు కూర్చున్న చోటు నుంచి ప్రతి పేషెంటు మొహం, సూదులున్న చెయ్యి రెండూ కనపడాలి. ఇలాంటివి. అప్పుడు నాలుగు లేఅవుట్లిచ్చింది, దాంట్లో ఒకటి నాకు తట్టనే తట్టనిది, నర్సు టేబుల్‌ని మధ్యలో కాకుండా ఒక మూల నుంచి ఐదడుగులు లోపలికి జరిపి బెడ్లని కొంచెం ఏటవాలుగా తిప్పింది, పదకొండు చేతులూ కనపడుతున్నాయి. కానీ అన్నా, ఎడమవైపని స్పష్టంగా చెప్పినా రెండు చోట్ల మళ్ళీ మిషన్లని జతచేసేసింది, "అన్ని షరతులూ పాటించాను" అని కింద రాసింది కూడా. ప్రింటు తీసి బెడ్ బెడ్‌కీ పెన్సిల్‌తో చెయ్యి గీసి చూస్తే దొరికింది. ఇకనుంచి ప్రతి ప్లానూ అలాగే చూస్తాను.

సిమ్‌పై లెక్క కూడా చేశాను. అందరూ ఒకేసారి వస్తే నా వెయిటింగ్‌లో 20 కుర్చీలు చాలవు, పావుగంటకి ముగ్గురైతే దాదాపు సరిపోతున్నాయి. ట్రస్టు వాళ్ళు టైములు అలాగే ఇస్తామన్నారు. బస్సుల్లో వచ్చేవాళ్ళకి చివరి పావుగంట ఇవ్వమని అడిగాను.

జలపాతం పోయింది. చైర్మన్ గారు మొదట బాధపడ్డారు, ఐసుముక్క పెద్దాయన గురించి చెప్పాక కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఆయనే ఆ డబ్బు సీలింగుకీ లైట్లకీ పెట్టమన్నారు.

ఇంకా తేలనిది కిటికీ. కిటికీ పక్కకి నాలుగు బెడ్లే వస్తాయి, అవి ఎవరికి?

మంగళ_గురు_శని

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి ఇవ్వమ్మా. మొదటి రెండు నెలలు చాలా భయంగా ఉంటుంది. మాకు అలవాటైపోయింది, మాకు పక్క బెడ్ మనిషి చాలు.

డయాలసిస్_టెక్నీషియన్_సిక్కోలు

బెంచీ సంగతి బాగా పట్టుకున్నావు చెల్లీ, మా దగ్గర కూడా పెట్టించమని అడుగుతాను.

బరువు చూసే మిషన్ ఎక్కడ పెట్టావో చెప్పలేదు. వెయిటింగ్ హాల్లో అందరి ముందు పెట్టకు. రెండు డయాలసిస్‌ల మధ్య ఎంత బరువు పెరిగారో చూస్తే ఎవరు ఎక్కువ నీళ్ళు తాగారో అందరికీ తెలిసిపోతుంది, మేం మందలించేది కూడా అక్కడే. ఒకాయన ఆ సిగ్గుతో షిఫ్టు మానేసి రెండు రోజుల తర్వాత ఆయాసంతో వచ్చాడు. లోపల గోడ చాటున పెట్టు, అంకె నర్సుకీ పేషెంటుకీ కనపడితే చాలు.

కవిటి_పిల్ల

వెయిటింగ్ హాల్లోనే ఉంది అన్నా, రిసెప్షన్ పక్కన. రేపు పొద్దున్నే లోపలికి జరుపుతాను.